పూత ఆరేదాకా

7 నవంబరు 1967, మంగళవారం

పొద్దున గని గేటు దగ్గర రెండు యూనియన్లు కొట్టుకున్నాయి. రాత్రి షిఫ్టు పైకి వచ్చేవాళ్లు, మొదటి షిఫ్టు దిగేవాళ్లు ఎదురుపడే వేళ. జెండా కర్రలతో మొదలై గడ్డపారలతో ముగిసింది. ముగ్గురికి తలలు పగిలాయి. ఒకతని చెవి సగం తెగి వేలాడింది. అతను దాన్ని అరచేత్తో తలకు అదుముకుని ఆసుపత్రికి నడిచి వెళ్లాడు. నేను రాసుకుంటూ నిలబడితే ఒక కర్ర నా భుజం మీద పడింది. ఎవరిదో చూడలేదు. చూడలేదు కనుక పత్రికకు రాయలేదు.

ఇంటికి వస్తే నా భార్య బాలలక్ష్మి ఉప్పు మూట కాచి కాపడం పెట్టింది.

"జర దూరం నిలవడి రాస్తె అచ్చరాలు పడయా?"

"దూరంకెల్లి కనవడదే."

"కనవడకుంటె కర్ర గూడ పడది."

భుజం తగ్గేదాకా తిరగవద్దని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం అటక మీది నుంచి పీటర్స్ దొర పెట్టె దింపించాను. కంపెనీ సర్వేయరు ఆయన. ఆ పెట్టెను ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నాడు, విప్పకుండానే కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. పోతూ నా గుమ్మంలో దించి, "నీకు చేతిపని వచ్చు, దశరథం. నువ్వు పూర్తి చెయ్" అన్నాడు. లోపల విడివిడి భాగాలుగా ఒక ఎలక్ట్రిక్ బాస్ గిటార్. ఒక బరువైన చెక్క పలక, మెడ, నాలుగు బిరడాలు, నాలుగు లావు తీగలు, సన్నని రాగితీగ చుట్టిన చుట్ట, గుర్రపునాడా ఆకారంలో అయస్కాంతం. అయస్కాంతం రెండు కాళ్లకూ ఎర్ర రంగు.

కిందటి క్రిస్మస్‌కు సికింద్రాబాదు బ్యాండు క్లబ్బులో ఇలాంటిది వాయించింది. వార్త కోసం వెళ్లి ఏమీ రాయకుండా వచ్చాను. ఆ శబ్దం చెవి కంటే ముందు అరికాలికి తగిలింది. గనిలో ఎక్కడో మందు పెట్టి షాట్ పేలిస్తే పైన నేల అలాగే కదులుతుంది.

9 నవంబరు

పలకను ఉప్పు కాగితంతో రుద్దుతున్నాను. వాకిట్లో కూర్చుంటే పొట్టు కంటే ముందు బొగ్గు దుమ్ము వచ్చి వాలుతోంది. ఇంట్లోకి మారాను. బాలలక్ష్మి చీపురు పట్టుకుని నిలబడి చూసింది.

"కన్నబిడ్డను సవురినట్టె సవురుతున్నవ్."

సాయంత్రం ఎల్లేశం వచ్చాడు. బాలలక్ష్మి తమ్ముడు. గని ఎలక్ట్రిక్ షాపులో పని, మా ఇంట్లో తిండి. వాడికి అవ్వ, బాపు లేరు. అక్కే పెంచింది. పలకను ఎత్తి బరువు చూశాడు.

"బావా, గిది వాయించేదా, ఎవన్నన్న కొట్టేదా?"

"రెండిటికీ పనికొస్తది" అంది అక్క పొయ్యి దగ్గర నుంచి.

అయస్కాంతం కాళ్లు పొడవయ్యాయి, తీగలకు తగులుతాయి. ఎల్లేశం షాపు నుంచి ఇనుప ఆకురాయి తెచ్చాడు. నేనే కూర్చుని అరగదీశాను. ఎడమ కాలు కాస్త ఎక్కువ అరిగింది. అడ్డంగా ఒక గీత కూడా పడింది. పరవాలేదు, పైకి కనబడదు.

12 నవంబరు

మెడ బిగించాను. వంకర పోయింది. విప్పాను.

16 నవంబరు

తీగలు ఎక్కించాను. ఎల్లేశం టంకం వేశాడు. రేడియో వెనక గ్రామఫోను తగిలించే చోట ఈ తీగ తగిలించవచ్చని వాడే కనిపెట్టాడు. తీగ మీటాను. దోమ పాడినట్టు వినబడింది. రేడియో పూర్తిగా తిప్పినా అంతే.

"నీ సూదంటు రాయికి దమ్ము లేదు బావా" అన్నాడు. ఒక మేకు చూపించాడు. అయస్కాంతం మేకును లాగింది కానీ పట్టుకోలేదు, జారిపోయింది. "దొర ఎక్కడనో కింద పడేసిండు. పడ్డ రాయి సచ్చిపోతది. గిది నాకియ్యి."

"నీకెందుకురా?"

"ఉండనియ్యి. జర ఓపిక వట్టు."

తీసుకుని వెళ్లాడు.

18 నవంబరు

ఎల్లేశం వేరే అయస్కాంతం తెచ్చాడు. అదే ఆకారం, దాదాపు అదే కొలత. రంగు లేదు, నల్లగా ఉంది. బల్ల మీద పెడితే ఆకురాయి దానంతటదే జరిగి వచ్చి అతుక్కుంది.

బిగించి మీటాను.

గోడ మీది పటం కదిలింది. అలమారలో గిన్నెలు మోగాయి. బాలలక్ష్మి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి రేడియో మీద చెయ్యి పెట్టి చూసింది, నవ్వింది. పెళ్లయిన కొత్తలో నవ్విన నవ్వు.

"ఇంకోపాలి" అంది.

ఎల్లేశం నేల మీద వెల్లకిలా పడుకుని, "బావా, నా పాణంలకెల్లి పోతుంది" అన్నాడు. రద్దు సామానులో దొరికిందని చెప్పాడు. చాలా బాగుందన్నాను.

19 నవంబరు

రోజంతా లావు తీగ ఒక్కటే.

24 నవంబరు, శుక్రవారం

గనిలో పేలుడు. సిద్దిరాములు అనే ఫిల్లరు, రాలిన బొగ్గు ఎత్తేవాడు, చచ్చిపోయాడు. ఇరవై ఆరేళ్లు.

జరిగింది ఇది. మొదటి షిఫ్టులో మందు పేల్చే షాట్‌ఫైరర్ గట్టయ్య తవ్వే బొగ్గు గోడలో ఆరు రంధ్రాలకు మందు పెట్టించి పేల్చాడు. పొగ పోయాక చూశాడు, బొగ్గు బాగానే రాలింది. పని అయిందని రాసి ఇచ్చాడు. ఆరింటిలో రెండు పేలలేదు. రాలిన బొగ్గు కింద అవి కనబడలేదు. రెండో షిఫ్టులో సిద్దిరాములు అక్కడ గడ్డపార వేశాడు.

నేను గని గేటు దగ్గరే ఉన్నాను. మనుషుల్ని పైకి లాగే పంజరంలో మొదట గోనెసంచి వచ్చింది. తర్వాత దాన్ని మోసుకొచ్చిన నలుగురు. సిద్దిరాములు అన్న రాజయ్య అదే గనిలో కట్టె మిస్త్రీ. తమ్ముడిని ఏరింది అతనే. సంచి మూతి విప్పి చూస్తానన్న తల్లిని జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె రాజయ్య చేతిని ఎముక తగిలేదాకా కొరికింది. అతను వదలలేదు.

మేనేజరు మూడు ముక్కల్లో చెప్పాడు. షాట్‌ఫైరర్ నిర్లక్ష్యం. పేలినవి లెక్కపెట్టలేదు. సస్పెండు చేశాం.

షాట్‌ఫైరర్ల దగ్గర ఉండే పేల్చే పెట్టెను గనిలో బ్యాటరీ అంటారు. లోపల బ్యాటరీ ఉండదు. తీగచుట్ట, అయస్కాంతం ఉంటాయి. పిడి ఒక్కసారి గట్టిగా తిప్పితే కరెంటు పుట్టి ఆరు రంధ్రాలకూ పోతుంది. ఇదంతా పత్రికకు అక్కర్లేదు. రాయలేదు.

వార్త టెలిగ్రాంలో పంపాను.

26 నవంబరు, ఆదివారం

నిన్నటి పత్రిక ఇవాళ పొద్దున రైలులో వచ్చింది. "షాట్‌ఫైరర్ నిర్లక్ష్యానికి కార్మికుడి బలి." మేనేజరు అన్నాడన్న మాట అందులో లేదు. అచ్చులో తీసేసి ఉంటారు. చోటు చాలక తీసేస్తారు.

టీ హోటల్లో ఒకడు బెంచీ ఎక్కి పైకి చదివాడు. రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత లేచారు. వందమంది పైనే. నేను వెనక నడిచాను.

గట్టయ్య క్వార్టరు లైన్ల చివర. తలుపు తన్నితే పడలేదు, బొగ్గు తట్ట మోసే బండితో గుద్దారు. అతన్ని కాళ్లు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చారు. గడప దాటేటప్పుడు తల రెండుసార్లు రాయికి కొట్టుకుంది. భార్య సత్తవ్వ మీద పడితే ఆమెను ఇద్దరు పక్కకు లాగి గోడకు అదిమిపట్టారు. రాయి ఒకటి అతని కుడి కంటి మీద పడింది. కన్ను ఉన్నచోట నెత్తురు తప్ప ఏమీ కనబడలేదు. రాజయ్య గడ్డపార తిరగేసి పట్టుకుని అతని కుడిచేయి మీద కొట్టాడు. "పిడి తిప్పిన చెయ్యి గిదేనా? గిదేనా?" అని అడిగి అడిగి కొట్టాడు. గట్టయ్య మొదటిసారి "రాజన్నా" అన్నాడు.

ఎవడో పత్రిక ఉండ చేసి అతని నోట్లో కుక్కాడు.

పోలీసులు వచ్చేసరికి అందరూ ఎటు వాళ్లు అటు. నోట్లోంచి కాగితం తీసింది సత్తవ్వ. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. నా వార్త ఉన్న పేజీ.

27 నవంబరు

గట్టయ్య బతికాడు. కన్ను పోయింది. కుడిచేయి మణికట్టు దగ్గర నుజ్జు.

విచారణకు వచ్చిన అధికారి పేల్చే పెట్టెను పరీక్షించాడు. విలేకరిగా నన్ను కూర్చోనిచ్చారు. పెట్టెకు చిన్న బల్బు తగిలించి పిడి తిప్పారు. బల్బు వెలిగింది. "పెట్టె బాగుంది, మనిషే బాగలేడు" అని ఎవరో అన్నారు, కొందరు నవ్వారు. పెట్టెకు లక్క ముద్ర వేసి, గని దీపాలుంచే లాంపు రూములో పెట్టారు.

ఎల్లేశం నాలుగు రోజులుగా అన్నానికి రాలేదు. షాపులో పని ఎక్కువైంది కాబోలు.

28 నవంబరు

లక్కను స్పిరిట్‌లో కరిగించి గిటారు పలకకు మొదటి పూత వేశాను. చెక్క రంగు తేనెలా తేలింది.

30 నవంబరు

సత్తవ్వ వచ్చింది. ముఖం మీద గోడ గీసిన గాట్లు. లోపలికి రమ్మంటే రాలేదు. బాలలక్ష్మి మంచినీళ్లిస్తే చెంబు పట్టుకుని తాగకుండా నిలబడింది.

"సారూ, నువ్వు గనిల దిగినవా?"

"లేదు."

"మా ఆయన పిడి తిప్పుతుంటె సూసినవా?"

"లేదు."

"మరెట్ల రాసినవ్?"

"మేనేజరు చెప్పిండు."

"మేనేజరు చెప్పిండని రాయరాదు? గంత పెద్ద పేపర్ల గా ఒక్క ముక్కకు జాగ దొరకలేదా?"

నేను రాశాననీ, పత్రికవాళ్లు తీసేశారనీ చెప్పాను. ఆమె నమ్మినట్టే తల ఊపింది. తర్వాత అంది:

"గా నాడు ఇంటికచ్చి కాళ్లు కడుక్కుంట ఒక్క మాటన్నడు. సత్తీ, ఇయ్యాల పిడి అలకగ తిరిగింది అన్నడు. ఏండ్ల సంది తిప్పుతుండు, ఏనాడు గట్లనలే. గా మాట దవాఖానల ఆఫీసరుకు చెప్పిండు. పడుకో అన్నడట."

చెంబు గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

నేను నా దగ్గరున్న కార్బన్ కాపీ తీసి చూశాను. మేనేజరు అన్నాడన్న మాట అందులోనూ లేదు. నేనే రాయలేదు.

పిడి అలకగా, తేలిగ్గా తిరిగింది. లోపల అయస్కాంతం గట్టిదైతే పిడి బరువుగా తిరుగుతుంది.

1 డిసెంబరు

రెండో పూత. కిటికీ మూయడం మరిచాను. తడి మీద బొగ్గు దుమ్ము వాలి నల్లటి చుక్కలు పడ్డాయి. మళ్లీ రుద్దాలి.

2 డిసెంబరు, శనివారం

ఎల్లేశం గదికి మనిషిని పంపి పిలిపించాను. వచ్చి గుమ్మంలో చెప్పులు విడవకుండా నిలబడ్డాడు. బాలలక్ష్మి వంటింట్లో ఉంది. తలుపు తెరిచే ఉంది.

"ఆ రాయి ఎక్కడిది?"

"చెప్పిన గదా బావా, రద్దు సామాను."

"ఎల్లేశం."

చెప్పులకేసి చూశాడు. "బ్యాటరీలు సాఫు జేసేటందుకు షాపుకు అస్తయి. ఒకదాంట్లకెల్లి తీసిన."

"దాంట్ల ఏం పెట్టినవ్?"

"నీదే. దొరది. ఉత్తగ ఇడిసిపెట్టలే బావా! పిడి తిప్పి సూసిన. బల్బు ఎలిగింది. నా కండ్లతోని సూసిన, ఎలిగింది."

"ఎన్ని బల్బులు?"

"షాపుల ఒక్కటే ఉంటది."

"రంధ్రాలెన్ని?"

పెదవులు కదిలాయి. గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. బలహీనమైన కరెంటు ఒక బల్బుకు చాలుతుంది. ఆరింటికి పంచితే నాలుగు ముందు అందుకుంటాయి, అవి పేలగానే తీగ తెగుతుంది, రెండు అలాగే మిగిలిపోతాయి. ఇది ఎలక్ట్రిక్ షాపువాడికి నేను చెప్పనక్కర్లేదు. వాడికి ముందే తెలిసిపోయింది. తెలిసే ఇన్ని రోజులు అన్నానికి రాలేదు.

"నువ్వు మస్తు ఖుషీ అయితవని తెచ్చిన" అన్నాడు. "నువ్వు ఎక్కడిదని అడగలే గద బావా. అందర్ని అడుగుతవు. నన్నడగలే."

వాడు పోయాక బాలలక్ష్మి అన్నం పెట్టింది. ఇద్దరం తిన్నాం. ఆమె ఏమీ విననట్టే ఉంది.

3 డిసెంబరు

దుమ్ము చుక్కలు రుద్ది తీశాను. మళ్లీ రెండో పూత.

విచారణ ఇంకా ముగియలేదు. ముగియకముందే చెబితే ఎవరూ పట్టించుకోరు. గిటారు పూర్తయ్యాక అయస్కాంతంతో సహా తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టడం మంచిది. తడి మీద ముట్టుకుంటే పూత పాడవుతుంది. నాలుగు రోజుల్లో ఆరుతుంది.

5 డిసెంబరు, మంగళవారం

టీ హోటల్లో రాజయ్య నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. చేతికి తల్లి కొరికినచోట చీము పట్టింది. గుడ్డ కట్టుకోలేదు.

"పేపరాయనా, రాస్కో. బేస్తారం నాడు గట్టయ్యను దవాఖానలకెల్లి ఇడుస్తరట. గేటు కాడ నేనుంట. నిన్నగాక మొన్న చెయ్యి ఒక్కటే సూసిన. గురువారం తలకాయ సూస్త. ముందుగాల్నే అచ్చేపియ్యి, నలుగురు అస్తరు."

"పోలీసులకు చెప్పుడు నా ధర్మం" అన్నాను.

"చెప్పు. నేను గూడ చెప్పిన. తమ్ముని తునకలు గోనెసంచిల ఏరినోనికి పోలీసోడు ఏం జేస్తడు? గా సంచి ఎంత అలకగున్నదో ఎరికేనా నీకు?"

పోలీసులకు చెప్పాను. ఇద్దరు జవాన్లను పంపుతామన్నారు.

ఇంటికి వచ్చి మూడో పూత వేశాను. ఇదే ఆఖరు.

6 డిసెంబరు

బాలలక్ష్మి అడిగింది.

"గట్టయ్య తప్పు లేదు. అవునా కాదా?"

"లేదు."

"రేపు సంపుతరు. అవునా కాదా?"

"పోలీసులుంటరు."

"మొన్న గూడ అచ్చిన్రు, అంత అయినంక. ఎప్పుడు చెప్తవ్ మరి?"

"పూత ఆరనియ్యి. ఎల్లుండికి ఆరుతది."

ఆమె నన్ను చూసింది, పలకను చూసింది. నేను ఎల్లేశం గురించే ఆలోచిస్తున్నానని చెప్పాను. నీ తమ్ముడు కనుకనే ఆగుతున్నానని చెప్పాను. చెబుతున్నప్పుడు నిజమే అనిపించింది.

"నా తమ్ముని పేరు పెట్టకు" అంది.

9 డిసెంబరు, శనివారం

ఎడమచేత్తో కాగితం పట్టుకోలేను. అట్ట కింద పెట్టి, అట్టను మోకాలితో అదిమి రాస్తున్నాను. గురువారం సంగతి.

పొద్దున లేచేసరికి బాలలక్ష్మి లేదు. గిటారు బోర్లా పడి ఉంది. అయస్కాంతం ఊడబీకి ఉంది. స్క్రూలు విప్పలేదు, పట్టకారుతో పెకలించింది. చెక్క చీలింది.

నేను ఆసుపత్రి గేటు దగ్గరికి పరుగెత్తాను. రెండు వందల మంది ఉంటారు. జవాన్లు ఇద్దరు, ఒకరి లాఠీ అప్పటికే గుంపులో ఎవరి చేతిలోనో ఉంది. గట్టయ్య మెట్ల మీద సత్తవ్వ భుజం పట్టుకుని నిలబడ్డాడు. కంటికి, చేతికి కట్లు. రాజయ్య మొదటి మెట్టు ఎక్కాడు. చేతిలో గడ్డపార.

ఇద్దరి మధ్యలో బాలలక్ష్మి. ఎడమచేత్తో తమ్ముడి మణికట్టు పట్టుకుని ఉంది. వాడిని గది నుంచి ఆమే లాక్కొచ్చిందో, వాడే వెంట వచ్చాడో నాకు తెలియదు. చూసినప్పుడు వాడు గింజుకోవడం లేదు. కుడిచేత్తో అయస్కాంతం పైకెత్తి పట్టుకుంది.

"రాజన్నా, గిది బ్యాటరీలది. నా తమ్ముడు తీసిండు. మా ఇంటాయనకు ఇచ్చిండు, పాటలకు. దీని జాగల సచ్చిన రాయి పెట్టిండు. గందుకే పేలలే."

గుంపు ఒక్కసారిగా అరిచింది. రాజయ్య అరవలేదు.

"గట్టయ్య ఎంతిచ్చిండు నీకు?"

"పెట్టె ఇప్పుండ్రి. దాంట్ల రాయికి ఎర్ర రంగుంటది. ఎడమ కాలు పొట్టిగుంటది, అడ్డంగ ఒక గీత ఉంటది. మా ఇంట్లనే అరగదీసిన్రు. లేకుంటె గట్టయ్యను సంపు, నన్ను సంపు. ఉంటె..." ఆ మాట పూర్తి చేయలేదు. తమ్ముడి మణికట్టు మాత్రం వదలలేదు.

రాజయ్య గుంపులో నన్ను వెతికి పట్టుకున్నాడు. "పేపరాయనా. నిజమేనా?"

"నిజం. గీత నేను పెట్టిందే" అన్నాను.

అందరూ లాంపు రూముకు కదిలారు. గట్టయ్యను కూడా నడిపించారు. మేనేజరు అడ్డం నిలబడి, ముద్ర ఉందన్నాడు, విచారణాధికారి లేడన్నాడు. ఎవరో ఆయన టోపీ తీసి నేలకు కొట్టారు, తర్వాత ఆయనే తాళం తీశాడు. ముద్ర పగలగొట్టి బల్ల మీద పెట్టె విప్పింది రాజయ్య. నాలుగు మరలు. మూత ఎత్తాడు.

ఎర్ర రంగు. కట్టె మిస్త్రీ కదా, బొటనవేలితో ఎడమ కాలు తడిమి గీత వెతికి పట్టుకున్నాడు. వేలు అక్కడే ఉంచి కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత తిరిగి గట్టయ్య కట్టు కట్టిన చేతిని చూశాడు. గట్టయ్య ఒక్క కంటితో అతన్ని చూశాడు.

తర్వాత ఎల్లేశం మీద పడ్డారు. అక్క చేతిలోంచి వాడిని విడిపించడానికి ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా వెనక్కి విరిచారు. మొదట పిడికిళ్లు, తర్వాత లాంపులు. ఇనుప లాంపు అంచు వాడి దవడకు తగిలిన చప్పుడు విన్నాను. పళ్లు రాలి బల్ల కింద పడ్డాయి. వాడు తల మీద చేతులు పెట్టుకోలేదు. సత్తవ్వ తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆపలేదు. ఆపమని ఎవరూ ఆమెను అడగలేదు.

రాజయ్య గడ్డపార ఎత్తినప్పుడు నేను వాడి మీద పడ్డాను. నా ఎడమచేయి వాడి తల మీద ఉంది. వాడిని కాయడానికి పెట్టానో, నా ముఖం కాచుకోవడానికి పెట్టానో చెప్పలేను. దెబ్బ చేతి మీద పడింది. రెండోసారి ఎత్తాడు. నన్ను చూశాడు, గడ్డపార బల్ల మీద పెట్టాడు. పక్కనే ఆ ఎర్ర అయస్కాంతం. "పాటలకా" అన్నాడు. "నా తమ్ముడు పాటలకు సచ్చిండా."

అప్పుడు పోలీసు జీపు వచ్చింది.

10 డిసెంబరు

డాక్టరు చెప్పాడు: చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు. ఇక వంగవు. తీగలు అదిమేది ఆ వేళ్లతోనే. కుడిచేయి బాగుంది, రాయవచ్చు.

11 డిసెంబరు

వార్త పంపాను. పెట్టెలో అయస్కాంతం మార్చారని, షాట్‌ఫైరర్ గట్టయ్య తప్పు లేదని, మార్చిన కార్మికుడు ఈ విలేకరి బావమరిది అని, తీసిన అయస్కాంతం ఈ విలేకరి ఇంట్లో దొరికిందని, నవంబరు 25 నాటి వార్తలో షాట్‌ఫైరర్ మీద మోపిన నేరం ఈ విలేకరి సొంతంగా నిర్ధారించుకున్నది కాదని. ప్రతి వాక్యం చివర ఎవరు చెప్పారో రాశాను.

14 డిసెంబరు, గురువారం

ఐదో పేజీలో నాలుగు వరుసలు వేశారు. "విలేకరి" అన్న మాట ఎక్కడా లేదు. పత్రికవాళ్లు కొత్త మనిషిని చూసుకుంటున్నారని తెలిసింది.

వార్త చదివించుకోవడానికి సత్తవ్వ వచ్చింది. గడప లోపలికి వచ్చి కూర్చుంది. నాలుగు వరుసలే కనుక రెండుసార్లు చదివాను. గట్టయ్యను పనిలోకి తీసుకుంటారు కానీ షాట్‌ఫైరర్‌గా కాదు, ఒక చేత్తో పిడి తిప్పలేడు. లాంపు రూములో లాంపులు తుడిచే పని. రాజయ్య నిన్న వాళ్ల క్వార్టరు తలుపు బాగుచేసి వెళ్లాడట. ఇంట్లోకి రాలేదట, నీళ్లు ముట్టలేదట.

"తలుపు మంచిగనే పెట్టిండు" అంది సత్తవ్వ. "కాని, గొళ్లెం లోపటికెల్లి రెండు పెట్టిండు."

పత్రిక అడిగి తీసుకుంది. మడిచి రొండిన దోపుకుంది.

ఎల్లేశం సబ్ జైలులో ఉన్నాడు. దవడకు తీగ కట్టారు, గంజి తప్ప దిగదు. బాలలక్ష్మి రోజూ పొద్దున గంజి డబ్బా పట్టుకుని బస్సెక్కుతోంది. వాడు అక్కతో మాట్లాడటం లేదట. దవడ వల్లనా అని అడిగాను.

"కాదు" అంది.

రెండు అయస్కాంతాలూ పోలీసుల దగ్గర ఉన్నాయి. గిటారు తీసి చూశాను. పూత ఆరింది. మెడ దగ్గర నుంచి చీలిన చోటు దాకా బాలలక్ష్మి వేలిముద్రలు ఐదూ దిగబడి గట్టిపడ్డాయి. తడి మీద పట్టుకుంది. బొటనవేలు బాగా లోతుగా ఉంది, పట్టకారు లాగినప్పుడు అక్కడ బలం పెట్టి ఉంటుంది. ఉప్పు కాగితం ఇంకా రెండు ముక్కలు మిగిలాయి. లక్క కూడా ఉంది.

రుద్దలేదు. ఆమె బస్సు దిగే వేళయింది, పొయ్యి ముట్టించాలి.